శుక్రవారం హిందీలో పెరిగింది, తెలుగులో పడింది: ‘వార్ 2’ ఫలితాన్ని వరంగల్ నుంచి చదివితే

‘వార్ 2’ ఆడిందా, ఆడలేదా అని హన్మకొండలో ఎవరినైనా అడిగి చూడండి. మొదటి రోజు టికెట్ దొరకలేదని ఒకరు చెబుతారు. సోమవారం పోతే హాలు బోసిగా ఉందని ఇంకొకరు అంటారు. దేశంలో 200 కోట్లు దాటిన సినిమాను ఫ్లాప్ అని ఎట్లా అంటారని అభిమాని నిలదీస్తాడు. ఫ్యామిలీతో వెళ్లొచ్చినవాళ్లు డ్యాన్స్ బాగుంది, కథే మనసుకు పట్టలేదు అంటారు. వీటిలో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే ఈ సినిమా ఫలితాన్ని ఒక్క మాటలో తేల్చబోతే ప్రతిసారీ గొడవే అవుతుంది.

అసలు చిక్కు ఎక్కడుందో ముందే చెప్తాను. హృతిక్ రోషన్, జూనియర్ ఎన్టీఆర్ కలిసి చేసిన ఈ హిందీ గూఢచారి సినిమా 2025 ఆగస్టు 14న, గురువారం వచ్చింది. మరుసటి రోజు స్వాతంత్ర్య దినోత్సవం, శనివారం కృష్ణాష్టమి, ఆ తర్వాత ఆదివారం. వరసగా నాలుగు రోజులు కలిసొచ్చాయి. ట్రేడ్ అంచనాల ప్రకారం తొలిరోజు దేశం మొత్తం మీద నెట్ (పన్ను పోను) వసూళ్లు 50 కోట్లు దాటాయి. అందులో తెలుగు వెర్షన్ ఒక్కటే 20 కోట్లకు పైగా తెచ్చింది. హిందీలో తీసిన సినిమాకు తెలుగులో అంత ఓపెనింగ్ రావడం చాలా అరుదు. శుక్రవారం సెలవు కాబట్టి హిందీలో వసూళ్లు బాగా పెరిగాయి. అదే శుక్రవారం, అదే సెలవు, తెలుగులో మాత్రం తొలిరోజు లెక్కలో దాదాపు సగానికి పడిపోయాయి.

ఒకే సినిమా ఒకే రోజు ఒక భాషలో పైకి, ఇంకో భాషలో కిందికి ఎందుకు పోయింది? సినిమా బాగాలేదు అన్న జవాబు ఇక్కడ సరిపోదు. బాగాలేకపోతే రెండు చోట్లా పడాలి కదా. నాకు తోచిన కారణం ఇది: హిందీ ప్రాంతాల్లో ‘వార్’కు సీక్వెల్‌ను అమ్మారు, మన దగ్గర ఎన్టీఆర్ కొత్త సినిమాను అమ్మారు. తెర మీదికి వచ్చింది మాత్రం ఒకటే.

ఆ ‘2’ అంకె మనకు ఎంత తెలుసు

యశ్‌రాజ్ ఫిల్మ్స్ గూఢచారి సినిమాల వరసలో ‘వార్ 2’ ఆరోది. 2012లో ‘ఏక్ థా టైగర్’, 2017లో ‘టైగర్ జిందా హై’, 2019లో ‘వార్’, 2023 జనవరిలో ‘పఠాన్’, అదే ఏడాది నవంబర్‌లో ‘టైగర్ 3’ వచ్చాయి. మొదట్లో ఇవి వేర్వేరు కథలే. ‘పఠాన్’ నుంచి ఒక సినిమా పాత్ర ఇంకో సినిమాలోకి రావడం, అందరూ ఒకే ఏజెన్సీ మనుషులన్నట్టు చూపించడం మొదలైంది. ‘పఠాన్’ ప్రపంచవ్యాప్తంగా 1,000 కోట్ల గ్రాస్ (పన్నుతో కలిపిన వసూళ్లు) దాటింది కాబట్టి ఆ పద్ధతికి బలం వచ్చింది. ‘టైగర్ 3’ దానికి సగం దాకా కూడా రాలేదు. అంటే ‘వార్ 2’ వచ్చేనాటికే ఈ వరస మీద ప్రేక్షకుడి మోజు కొంత తగ్గి ఉంది.

తెలుగువాళ్లకు ఈ వరసతో ఉన్న పరిచయం ఇంకా తక్కువ. మొదటి ‘వార్’ 2019 అక్టోబర్ 2న విడుదలైంది. తెలుగు డబ్బింగ్ కూడా అదే రోజు వచ్చింది. కానీ అదే రోజు ఇక్కడ చిరంజీవి ‘సైరా నరసింహారెడ్డి’ వచ్చింది. దసరా సెలవుల్లో వరంగల్, కరీంనగర్, మంచిర్యాల థియేటర్లు దేనికి దక్కి ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. హృతిక్ రోషన్ చేసిన కబీర్ పాత్ర తెలుగులో చాలామందికి తర్వాత ఫోన్‌లోనో టీవీలోనో పరిచయమైంది. వరంగల్‌లో హిందీ సినిమాను హిందీలోనే చూసే ప్రేక్షకులు ఎప్పుడూ ఉన్నారు, వాళ్ల సంగతి కొంచెం తర్వాత చెప్తాను. మిగతా అందరికీ ‘వార్ 2’ పేరులో ఉన్న ‘2’ ఒక అంకె మాత్రమే. కబీర్ ఎవరు, అతని గురువు కల్నల్ లూథ్రా ఎవరు, వాళ్లిద్దరి మధ్య బంధం ఎంత గట్టిది అన్నవి వాళ్లకు అనుభవంలో లేవు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. ఈ కథకు పునాది ఆ గురువు చావే. కబీర్ చేతుల్లో లూథ్రా చనిపోతాడు. మొదటి సినిమా చూసినవాడికి ఆ దృశ్యం గట్టిగా తగులుతుంది. చూడనివాడికి ఎవరో ఒక పెద్దాఫీసరు పోయినట్టు ఉంటుంది, అంతే. సీక్వెల్ తీసేవాళ్లు పాత సినిమాలో పోగైన ప్రేమ మీద కథ కడతారు. తెలుగులో ఆ ప్రేమ పోగు కాకముందే దాని మీద కట్టారు.

177 రూపాయల టికెట్‌లో బయ్యర్‌కు ఎంత

ఇక డబ్బు సంగతి. ‘కోట్లు వచ్చినా ఫ్లాప్ ఏమిటి’ అన్న కోపం అంతా ఇక్కడి నుంచే పుడుతుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

తెలంగాణలో 2021 డిసెంబర్‌లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌లో టికెట్ గరిష్ఠ ధర 150 రూపాయలు, మల్టీప్లెక్స్‌లో 250. జీఎస్టీ దీనికి అదనం. ‘వార్ 2’ వచ్చినప్పుడు 100 రూపాయలు దాటిన టికెట్ మీద 18 శాతం పన్ను. 150 మీద 27 కలిపితే 177. బాల్కనీలో కూర్చున్న మనిషి జేబులోంచి పోయిన ఈ 177 రూపాయలను ‘గ్రాస్’ అంటారు. పన్ను తీసేస్తే మిగిలిన 150 ‘నెట్’. అందులో థియేటర్ అద్దెనో వాటానో తీసేశాక పంపిణీదారుకు మిగిలేది ‘షేర్’. లెక్క సులువు కోసం సగం సగం అనుకుందాం. అప్పుడు షేర్ 75 రూపాయలు. పోస్టర్ మీద 177 కనిపిస్తుంది, సినిమా కొన్న మనిషి చేతికి 75 వస్తుంది. వంద కోట్ల పోస్టర్ చూసి అభిమాని సంబరపడే వేళకు బయ్యర్ ఇంట్లో వేరే లెక్క నడుస్తుండేది ఇందుకే.

ఇంకొక మెట్టు ఎక్కుదాం. ఏదో ఒక పెద్ద సినిమాకు నైజాం హక్కులు, అంటే తెలంగాణలో పంపిణీ హక్కులు, 30 కోట్లు అనుకోండి. ఇది ఉదాహరణ కోసం చెప్పే అంకె, ‘వార్ 2’ ధర కాదు. టికెట్‌కు 75 చొప్పున 30 కోట్లు తిరిగి రావాలంటే 40 లక్షల బాల్కనీ టికెట్లు తెగాలి. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ మొత్తం మూడున్నర కోట్లు. పసిపిల్లలు, ముసలివాళ్లతో కలిపి ప్రతి తొమ్మిది మందిలో ఒకరు హాలుకు వస్తేనే పెట్టుబడి తీరుతుంది. లాభం ఆ తర్వాత. మల్టీప్లెక్స్ టికెట్ ధర ఎక్కువ కాబట్టి హైదరాబాద్‌లో ఈ లెక్క కొంత తేలికవుతుంది. భూపాలపల్లిలో, పరకాలలో, జగిత్యాలలో అంత తేలిక కాదు. అక్కడ హాలు నిండినా వచ్చే రూపాయలు తక్కువ. ‘మా ఊళ్లో ఫుల్స్ పడ్డాయి’ అన్న మాటకూ ‘నైజాంలో నష్టం’ అన్న వార్తకూ మధ్య తేడా ఇక్కడే వస్తుంది. రెండూ నిజమే.

సినిమాను విడుదలకు ముందే ఒక ధరకు కొనేయడాన్ని మినిమం గ్యారంటీ, మన వాడుకలో ఎంజీ అంటారు. జగిత్యాల వైపు మామిడి తోటను పూత మీద పట్టినట్టే ఇది. పూత చూసి ధర కడతారు, కాయ నిలవకపోతే పట్టినవాడు మునుగుతాడు. అడ్వాన్స్ పద్ధతి వేరు. బయ్యర్ కొంత ముందుగా ఇస్తాడు, సినిమా రాబట్టలేకపోతే లోటును నిర్మాత తర్వాత సర్దాలి. నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది ఈ రెండు పద్ధతుల్లో పూర్తిగా మారిపోతుంది.

‘వార్ 2’ తెలుగు రాష్ట్రాల హక్కులను సితార ఎంటర్‌టైన్‌మెంట్స్ నాగవంశీ తీసుకున్నారు. ఒక హిందీ డబ్బింగ్ సినిమాకు పెట్టే ధర కాదది, ఎన్టీఆర్ సినిమాకు పెట్టే ధర. దానికి తగ్గట్టే హడావుడి జరిగింది. ఆగస్టు 10న హైదరాబాద్ యూసుఫ్‌గూడలో పెద్ద ప్రీ రిలీజ్ ఈవెంట్ పెట్టారు. ఎన్టీఆర్ రెండు కాలర్లూ ఎగరేసింది ఆ వేదిక మీదే. ఆ సైగకు అభిమాని భాషలో అర్థం ఒకటే: ఈ సినిమా మనది. ఆయన నమ్మే చెప్పి ఉంటారని నా నమ్మకం. కానీ ఆ క్షణం నుంచి తెలుగు ప్రేక్షకుడు హాలుకు ఏం ఆశించి వెళ్లాలో ఖరారైపోయింది. తర్వాత కొన్ని నెలలకు నాగవంశీ కూడా తమ అంచనా తప్పిందని బహిరంగంగానే చెప్పారు.

థియేటర్ యజమాని సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. అతన్ని ఎవరూ తలచుకోరు. ఈ సినిమా రావడానికి మూడు నెలల ముందు, 2025 మేలో, తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని ప్రకటించారు. తర్వాత ఆగారు. వాళ్ల గోడు ఏమిటంటే, సినిమా బాగా ఆడే రోజుల్లో తమకు కట్టిన అద్దె మాత్రమే ఇస్తున్నారు, కలెక్షన్లు పడ్డాక పర్సంటేజీకి, అంటే వసూళ్లలో వాటాకి మారుస్తున్నారు అని. మొదటి నాలుగు రోజులు కిటకిటలాడి సోమవారం ఖాళీ అయ్యే ‘వార్ 2’ లాంటి సినిమాకు ఈ పద్ధతి థియేటర్‌ను ఎట్లా దెబ్బ తీస్తుందో చూడండి. నిండిన రోజుల లాభం ఎక్కడికో పోతుంది, ఖాళీ రోజుల కరెంటు బిల్లు హాలుకు మిగులుతుంది. ఉత్తర తెలంగాణ చిన్న పట్టణాల్లో సింగిల్ స్క్రీన్లు ఒక్కొక్కటిగా ఫంక్షన్ హాళ్లుగా, గోదాములుగా మారడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

నాలుగు రోజులు, ఆపై సోమవారం

దేశం మొత్తం లెక్క చూస్తే, ట్రేడ్ అంచనాల్లో ‘వార్ 2’ నెట్ దాదాపు 235 కోట్ల దగ్గర ఆగింది. అందులో నాలుగింట మూడు వంతులు మొదటి నాలుగు రోజుల్లోనే వచ్చేశాయి. సోమవారం పది కోట్ల లోపుకు జారింది. మొదటి ‘వార్’ కూడా దాదాపు ఇంతే ఓపెనింగ్‌తో మొదలై చివరికి 300 కోట్ల నెట్ దాటింది. దాని తొలి సోమవారం 20 కోట్ల చుట్టూ ఉంది. మరునాడు దసరా కావడం దానికి కలిసొచ్చిందనుకున్నా, తేడా చిన్నది కాదు. ఓపెనింగ్ ఎంత వస్తుందన్నది ప్రచారం చేతిలో, హీరో పేరు చేతిలో ఉంటుంది. సోమవారం చూసొచ్చినవాడి నోట్లో ఉంటుంది.

పోటీ మాట కూడా చెప్పుకోవాలి. రజనీకాంత్ ‘కూలీ’ అదే ఆగస్టు 14న వచ్చింది, నాగార్జున అందులో విలన్. అది కూడా తెలుగులో గట్టి క్రేజ్‌తో దిగిన డబ్బింగ్ సినిమానే. మంచి హాళ్లు రెండో మూడో ఉండే పట్టణంలో రెండు పెద్ద సినిమాలు ఒకే రోజు దిగితే స్క్రీన్లు చీలిపోతాయి. ఇంటికి ఒక సినిమా బడ్జెట్ మాత్రమే ఉన్నవాళ్లు రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. చూసొచ్చినవాళ్ల మాట దేనివైపు కొంచెం మొగ్గితే జనం అటే పోతారు. ఉత్తర భారతంలో ఈ పోటీ ఇంత బిగువుగా లేదు. శుక్రవారం హిందీలో పెరిగి ఇక్కడ పడడానికి ఇదొక పెద్ద కారణం.

ఇంకోటి కాలం. ఆగస్టు నడిమి రోజులు ఉత్తర తెలంగాణలో పొలం రోజులు. నాట్లు అయిపోతూ, ఎరువు చల్లే సమయం. ఆ ఏడాది ఆగస్టులో యూరియా దొరక్క వరంగల్, మహబూబాబాద్ వైపు రైతులు తెల్లవారకముందే సొసైటీల ముందు లైన్లు కట్టారు. సినిమా పడడానికి అదే కారణమని నేను అనడం లేదు. కానీ సీ సెంటర్ (చిన్న ఊళ్ల) ప్రేక్షకుడని ట్రేడ్ వాళ్లు పిలిచే మనిషి ఈ రైతే, ఈ రైతు కొడుకే. దసరాకు చేతిలో పంట డబ్బు ఆడకపోయినా పండుగ మనసు ఉంటుంది, బతుకమ్మకు ఇంటికొచ్చిన ఆడబిడ్డలను, పిల్లలను తీసుకుని హాలుకు పోతారు. ఆగస్టులో కుర్రవాళ్లు వెళ్తారు, ఇల్లంతా కదలదు. ఇల్లంతా కదలని సినిమాకు రెండో వారం ఉండదు.

దాక్కోవాల్సినవాడికి ఎలివేషన్

ఇప్పటిదాకా చెప్పింది బయటి సంగతి. కథ లోపల ఉన్న ఇబ్బంది నా దృష్టిలో ఇంతకంటే పెద్దది.

గూఢచారి కథకు ప్రాణం అనుమానం. ఎవరు ఎవరి మనిషో తెలియకూడదు. పేరు దాచాలి, ముఖం దాచాలి, మనసు మరీ దాచాలి. మన మాస్ సినిమాకు ప్రాణం ప్రకటన. హీరో ఎవరో, అతని బలమేమిటో నలుగురి ముందు చాటాలి. ఎంట్రీ, ఎలివేషన్, ఇంటర్వెల్, క్లైమాక్స్, ప్రతిచోటా ఆ చాటింపు ఒక మెట్టు పైకి ఎక్కాలి. ఒకటి కప్పిపెట్టే కళ, ఇంకొకటి విప్పి చూపే కళ. ఈ రెండింటినీ కలపడం అసాధ్యం కాదు. తెలుగులోనే 1966లో కృష్ణ ‘గూఢచారి 116’ చేసి జనానికి దగ్గరయ్యారు, ఆంధ్రా జేమ్స్‌బాండ్ అని పేరు తెచ్చుకున్నారు. 2018లో అడివి శేష్ ‘గూఢచారి’ తక్కువ బడ్జెట్‌లోనే మన్నన పొందింది. ఆ సినిమా ఒకే మనిషి వెంట నడిచింది, అతనికి ఎంత తెలిస్తే మనకూ అంతే తెలిసింది. 2023లో వచ్చిన ‘ఏజెంట్’, ‘స్పై’ ఆడలేదు. కాబట్టి తెలుగువాళ్లకు స్పై సినిమా పడదు అనే మాట ఒప్పుకోలేను. ఎవరి కళ్లతో కథ చూస్తున్నామో తెలిస్తే ఇక్కడ చూస్తారు.

‘వార్ 2’లో కళ్లు కబీర్‌వి. సినిమా అతనితో జపాన్‌లో మొదలవుతుంది. గురువును పోగొట్టుకున్న బాధ అతనిది, ద్రోహి అన్న నింద మోసేది అతను. ఎన్టీఆర్ చేసిన విక్రమ్ అతన్ని పట్టుకోవడానికి వచ్చిన మనిషి. తర్వాత విక్రమ్ అసలు ఎవరివైపో బయటపడుతుంది. ఇద్దరూ చిన్నప్పుడు వీధిలో కలిసి పెరిగిన స్నేహితులని, విక్రమ్ అసలు పేరు రఘు అని రెండో సగంలో తెలుస్తుంది. కాగితం మీద ఇది బలమైన కథే. వదిలేసి పోయిన స్నేహితుడి మీద పెంచుకున్న కసి మహాభారతం విన్న తెలుగువాడికి చెప్పకుండానే అర్థమవుతుంది.

విక్రమ్ చెడ్డవాడు కావడం తెలుగు అభిమానికి నచ్చలేదన్న వాదన తరచూ వినిపించింది. అది సరైన వాదన అనుకోను. ‘జై లవ కుశ’లో జై పాత్ర రావణాంశ ఉన్నదే, ఎన్టీఆర్ నటనకు ఎక్కువ పేరొచ్చింది ఆ పాత్రతోనే. ‘టెంపర్’లో లంచగొండి పోలీసుగా మొదలై జనాన్ని తన వెంట తీసుకుపోయారు. చెడ్డవాడైతే మనకు అభ్యంతరం లేదు. అతను ఎందుకు అట్లా అయ్యాడో అతని పక్కన కూర్చుని చూడాలి. ‘వార్ 2’లో ఆ బాధ ఒక ఫ్లాష్‌బ్యాక్‌లో, పిల్లల మీద నడిచి పోయింది. పెద్ద రఘు మనసులోకి మనం వెళ్లేలోపే మళ్లీ ఫైట్ మొదలవుతుంది. కబీర్‌కు రెండు సినిమాల బరువు ఉంది. విక్రమ్‌కు కొన్ని నిమిషాల గతం ఉంది. ఇద్దరినీ సమానమని పోస్టర్ చెప్పింది, కథ చెప్పలేకపోయింది.

ఇద్దరు హీరోల సినిమాలో నిమిషాలు లెక్కపెట్టడం అభిమానుల అలవాటే. ‘ఆర్ఆర్ఆర్’ అప్పుడూ లెక్కపెట్టారు. కానీ అక్కడ ఇద్దరి దగ్గరా ప్రేక్షకుడికి తెలిసిన రహస్యాలు ఉన్నాయి, ఒకరి రహస్యం ఇంకొకరికి తెలియదు. ఆ టెన్షన్ కథను లాగింది. ఇక్కడ ఒకరి రహస్యాన్ని ప్రేక్షకుడి దగ్గరే దాచారు. బయటపడే క్షణం కోసం అంతవరకూ ఆ పాత్రను మూసి ఉంచాల్సి వచ్చింది. అభిమాని తెర మీద తన హీరోను చూస్తున్నాడు గానీ ఆ హీరో ఏం కోరుకుంటున్నాడో అతనికి తెలియదు.

సీక్వెల్‌కు సహజంగా ఉండే తిప్పలు కూడా దీనికి తోడయ్యాయి. మొదటి ‘వార్’లో మలుపు వస్తుందని ఎవరూ కాచుకుని కూర్చోలేదు, అందుకే అది పేలింది. రెండోదానికి వచ్చినవాడు మలుపు ఉంటుందని టికెట్ కొన్నప్పటి నుంచే వెతుకుతుంటాడు. అట్లాంటి ప్రేక్షకుడిని ‘ఇతను అసలు అతను కాదు’ అన్న రకం మలుపుతో రెండోసారి అదరగొట్టడం కష్టం.

ఒకరిది సొంత గొంతు, ఒకరిది అరువు గొంతు

హిందీ వచ్చినవాళ్ల సంగతి తర్వాత చెప్తానన్నాను. వరంగల్, కాజీపేట, కరీంనగర్, నిజామాబాద్ ప్రేక్షకుడికి మిగతా తెలుగు ప్రాంతాలవాళ్లకు లేని వెసులుబాటు ఒకటి ఉంది. ఇక్కడ ఉర్దూ, దక్కనీ బజార్లో వినపడతాయి. కాజీపేట రైల్వే జంక్షన్ చుట్టూ అన్ని రాష్ట్రాలవాళ్లూ ఉంటారు, ఎన్ఐటీ హాస్టళ్లలో సగం మాట హిందీలోనే. తెలుగు ప్రింట్ చూడాలా, హిందీ ప్రింట్ చూడాలా అని ఎంచుకునే మనిషి ఇక్కడ దొరుకుతాడు. ఈ సినిమాకు ఆ ఎంపిక అనుభవాన్నే మార్చేసింది.

తెలుగు వెర్షన్‌లో ఎన్టీఆర్ తన గొంతుతో మాట్లాడతారు. ఆ గొంతులో బరువు, విరుపు, ఊపిరి మనకు పాతికేళ్లుగా తెలుసు. ఎదురుగా హృతిక్‌కు వేరే కళాకారుడి గొంతు. డబ్బింగ్ చెప్పినవాళ్ల పనిలో లోపం ఉందని అనను. అయినా ఒకే ఫ్రేమ్‌లో ఒకరిది నిజమైన గొంతు, ఇంకొకరిది అతికించిన గొంతు అయినప్పుడు బరువు ఒకవైపే తూగుతుంది. స్నేహితులు ఎదురుపడి మాట్లాడే చోట్ల ఇది మరీ తెలుస్తుంది. కథ కబీర్‌ది, గొంతు విక్రమ్‌ది. చెవి ఒకరివైపు, కథ ఇంకొకరివైపు లాగుతాయి. హిందీ ప్రింట్‌లో ఈ చీలిక లేదు. రెండూ చూసిన స్నేహితులు హిందీలోనే నయం అని చెప్పడానికి కారణం భాష మీద మోజు కాదని అనుకుంటున్నాను.

పాట దగ్గర మాత్రం భాష అడ్డు రాలేదు. ఇద్దరు గొప్ప డ్యాన్సర్లు పక్కపక్కన కాలు కదిపే పాటను విడుదలకు ముందు పూర్తిగా చూపించకుండా హాలు కోసం దాచారు. తెలుగులో ‘సలామ్ అనాలి’గా వచ్చిన ఆ పాట వరకూ ఎక్కడా డివైడ్ టాక్ లేదు. కానీ పాట కోసం మనిషి ఒకసారి వస్తాడు, రెండోసారి ఫోన్‌లో చూసుకుంటాడు.

యాక్షన్ మీద మాటలు ఎక్కువ అక్కర్లేదు. కార్లు, విమానం, చివరికి మంచు గుహ, డబ్బు పెట్టని చోటు లేదు. గ్రాఫిక్స్ కొన్నిచోట్ల తేలిపోయాయన్న విమర్శ హిందీ, తెలుగు రెండు చోట్లా వచ్చింది, అది న్యాయమైనదే. దెబ్బ తగిలితే నొప్పి పుట్టని మనుషులు ఎంత ఎత్తు నుంచి దూకినా చూసేవాడికి గుండె జారదు. దాదాపు మూడు గంటల సినిమాలో ఆ భావన పేరుకుపోతూ వస్తుంది. దర్శకుడు అయాన్ ముఖర్జీ బలం మనుషుల మధ్య దగ్గరితనం చూపడంలో ఉంది. ఈ సినిమాలోనూ ఆ ఇద్దరు పిల్లల కథలో అది కొంత కనిపించింది. నాకు ఆ భాగమే నచ్చింది. అదింకా పెరిగి ఉంటే, ఒక్క ఛేజ్ తగ్గినా ఎవరూ అడిగేవాళ్లు కాదు.

టాక్ ఎంత వేగంగా వచ్చింది

ఒకప్పుడు హైదరాబాద్ టాక్ వరంగల్‌కు సాయంత్రానికి, మంథనికి రెండు రోజులకు చేరేది. ఆ లోపల సినిమాకు నాలుగు ఆటల ఊపిరి ఉండేది. ఇప్పుడు అమెరికా ప్రీమియర్ మన తెల్లవారుజామున పడుతుంది. మొదటి ఆటకు లైన్లో ఉన్నవాడి ఫోన్‌లో ఇంటర్వెల్ దాకా ఎట్లా ఉందో వచ్చేసి ఉంటుంది. వీరాభిమాని అయితే ఎట్లాగైనా లోపలికి పోతాడు. పోదామా వద్దా అని ఊగే మనిషి ఆగిపోతాడు. గురువారం తెలుగులో వచ్చిన 20 కోట్ల పైచిలుకు చాలావరకు ముందే తెగిన టికెట్లు, ముందే నిశ్చయించుకున్న మనుషులు. శుక్రవారం రావాల్సినవాళ్లు ఆ ఊగే మనుషులు. ఉత్తరాదిలో ఎన్టీఆర్ కోసం తొలిరోజే ఎగబడే గుంపు అంత పెద్దది కాదు, సెలవు రోజు సినిమాకు పోదామనుకునే కుటుంబాలు ఎక్కువ. కాబట్టి అక్కడ శుక్రవారమే అసలు మొదటి రోజు అయింది. మన దగ్గర గురువారమే మొదటిది, దాదాపు చివరిది కూడా.

టాక్‌లో నిజాయతీ ఎంత అంటే, కలగాపులగమే. ఎన్టీఆర్ అభిమానులు, ‘కూలీ’ వైపువాళ్లు, హృతిక్ వైపువాళ్లు ఒకరి సినిమాను ఒకరు ఎంతగా లాగారో ఆ వారం ఫోన్ తెరిచిన అందరికీ తెలుసు. కాలర్ ఎగరేసిన దృశ్యాన్ని పట్టుకుని వచ్చిన వెక్కిరింతలు సినిమా మీద విమర్శ కాదు, ఒక మనిషి మీద వేట. అయినా దాని వల్లే సినిమా పోయిందంటే ఒప్పుకోను. అంతకన్నా ఎక్కువ ట్రోలింగ్ మధ్య నిలబడిన సినిమాలు ఉన్నాయి. ఇల్లంతా కదిలొచ్చే సినిమాను ఫోన్ ఆపలేదు.

థియేటర్ అయ్యాక కథ అయిపోలేదు. తెలుగు సినిమాలు సాధారణంగా నాలుగు వారాలకు ఓటీటీకి పోతుంటాయి. హిందీ సినిమాలకు జాతీయ మల్టీప్లెక్స్ చెయిన్ల ఎనిమిది వారాల నిబంధన ఉంది. అందుకే ‘వార్ 2’ సరిగ్గా ఎనిమిది వారాలకు, అక్టోబర్ 9న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. దసరా అప్పటికే దాటింది. ఉత్తర తెలంగాణలో ఇల్లంతా కలిసి సినిమా చూసే పండుగ రోజుల్లో ఈ సినిమా హాల్లోనూ లేదు, ఇంట్లోనూ లేదు. తర్వాత ఇంట్లో చూసినవాళ్ల మాట కొంచెం మెత్తగా వినిపించింది. టికెట్‌కు 177 పెట్టని మనిషి సినిమాను ధరతో తూచడు, మధ్యలో ఆపి అన్నం తిని మళ్లీ చూస్తాడు. స్నేహం కథ బాగుందన్న మాట నేను ఎక్కువగా విన్నది అప్పుడే.

సినిమా చివర్లో బాబీ డియోల్‌తో ఒక చిన్న దృశ్యం పెట్టి, ఆ వరసలో తర్వాతి సినిమా ‘ఆల్ఫా’కు దారి వేశారు. ఆలియా భట్, శర్వరీ అందులో ప్రధాన పాత్రలు. ఆ వరసలో ఏ సినిమా తెలుగులోకి వచ్చినా నైజాంలో కొనేవాడు అడగాల్సిన ప్రశ్నలు ఇప్పుడు స్పష్టంగా ఉన్నాయి: ఎంజీనా, అడ్వాన్సా, తెలుగు హీరో ఉంటే కథ ఎవరి కళ్లతో నడుస్తుంది, అదే రోజు ఇంకేం వస్తోంది. చూసేవాళ్లకైతే ఒక్కటి చాలు. తొలిరోజు పోస్టర్ మీద అంకె చూసి ఆగకుండా, శుక్రవారం తెలుగు అంకె ఎటు పోయిందో చూడండి.